బిళ్ల నంబరు 417

1974 జనవరి 7, సోమవారం

ఈ డైరీ సుందరి ఇచ్చింది. రోజుకెన్ని సిగరెట్లు కాలుస్తున్నానో ఇందులో రాసుకోమంది. "నాకు చూపించక్కర్లేదండీ, మీరు చూసుకుంటే చాలు" అంది. చూసుకోవడానికేముంది? ఇరవై ఏళ్లుగా కాలుస్తున్నవాణ్ణి, నాకు తెలియదా? అయినా పెళ్లాం ముచ్చట కాదనడం దేనికని మొదలుపెడుతున్నాను.

ఈ రోజు ఎనిమిది. పెంటయ్యతో పంచుకున్న సగాలు ఇందులో కలపలేదు. సగం సిగరెట్టును సిగరెట్టు అనరు.

జనవరి 9

ఏడు.

ఈ రోజు ఇరవై రెండు టన్నుల పోత దిమ్మను ఒకటో షెడ్డు నుంచి మూడో షెడ్డుకు తెచ్చాను. దించేటప్పుడు కింద ఎవరో మరిచిపోయిన టీ గ్లాసు పక్కనే దిగింది. గ్లాసులో టీ కదల్లేదట. పెంటయ్య ఆ గ్లాసు తీసి నాకేసి చూపించి తాగేశాడు.

విశాఖ రేవులో ఏడేళ్లు, ఇక్కడ లింగంపల్లి ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లు, మొత్తం పదిహేనేళ్లుగా క్రేను నడుపుతున్నాను. నా హుక్కు నుంచి ఇంతవరకు ఒక్క వస్తువు కింద పడలేదు. ఈ మాట నేను చెప్పుకుంటే గొప్పలంటారు. డైరీలో ఎవరూ అనరు కాబట్టి రాసుకుంటున్నాను.

అందులో సగం పేరు పెంటయ్యది. వాడు ఖలాసీ. కింద నిలబడి బరువుకు ఇనుప తాడు చుట్టి, చేతి సైగతో నాకు దారి చెబుతాడు. పిడికిలి బిగిస్తే ఆగాలి. అరచెయ్యి కిందకి ఊపితే దించాలి. పెద్ద బరువు ఎత్తే ముందు నీళ్ల పీపాల వెనక ఇద్దరం ఒకే సిగరెట్టు సగం సగం కాలుస్తాం. అది అయ్యాక ఇక నోళ్లు మాట్లాడవు, చేతులే. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా తప్పని రివాజు ఇది.

జనవరి 16, బుధవారం

తొమ్మిది.

క్రేను గదికి నలభై రెండు మెట్ల ఇనుప నిచ్చెన. ముప్పయ్యో మెట్టు దగ్గర ఎవరో రొమ్ము మీద మోకాలు పెట్టి అదిమినట్టయింది. ఎడమ చెయ్యి బరువెక్కింది. కాసేపు మెట్టు పట్టుకుని, షెడ్డు అందం చూస్తున్నవాడిలా నిలబడ్డాను. పోయింది.

పొద్దున్న పెసరట్టు. సుందరి అల్లం తక్కువ వేస్తోంది.

జనవరి 17

పెసరట్టు మానేశాను. తొమ్మిది.

జనవరి 21

నిచ్చెన మీద మళ్లీ అదిమింది. పెసరట్టు కాదు. వంకాయ.

జనవరి 30, బుధవారం

ఫోర్‌మన్ పట్టాభిరామయ్య గారు పిలిచారు. ఇక్కడ తయారవుతున్న మొదటి పెద్ద టర్బైను రోటరు, అంటే లోపల తిరిగే ఇరుసు, ఏప్రిల్ 22న లేపుతారట. నలభై టన్నులు. ఢిల్లీ నుంచి పెద్దవాళ్లు వస్తారట. "ఆ రోజు లివరు మీద నీ చెయ్యే ఉండాలయ్యా, కామేశ్వరరావూ. ఇంకొకణ్ణి నమ్మను" అన్నారు. అందరి ముందూ అన్నారు. రెండో షెడ్డు క్రేను లింగమూర్తి కూడా అక్కడే ఉన్నాడు. మంచి పనివాడే, కానీ హుక్కు కొంచెం ఊగనిస్తాడు.

ఇంటికొచ్చి సుందరికి చెబితే ఆమె కళ్లు చెమర్చాయి. నాకూ చెమర్చాయి, కానీ నేను గోడకేసి తిరిగాను.

ఒక చిక్కుంది. ఈ ఏడాది నుంచి క్రేను ఎక్కేవాళ్లందరికీ ఈసీజీ అని గుండె ఫోటో తీస్తారట. సిటీ నుంచి యంత్రం తెచ్చుకుని ఒకతను మూడు రోజులు మన దవాఖానలో ఉంటాడట. నిచ్చెన మీద సంగతి ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. వంకాయ సంగతులు ఫోటోలో పడకూడదు.

ఫిబ్రవరి 5, మంగళవారం

ఆరు. ఉత్సాహంగా ఉంది.

గేటు దగ్గర హాజరు బోర్డుకు ఒకరి బిళ్ల ఒకరం తగిలించడం మా షెడ్డులో కొత్త కాదు. బస్సు దొరక్కపోయినవాడి బిళ్ల ముందొచ్చినవాడు తగిలిస్తాడు. ఈ ఇత్తడి బిళ్ల మీదున్న నంబరే ఇక్కడ మనిషి. నాది 417. అందుకని పొద్దున్న పీపాల వెనక పెంటయ్యకు నా బిళ్ల ఇచ్చి, "నా బదులు నువ్వు పోయి ఫోటో తీయించుకో" అన్నాను.

"నీకేమైంది రావు సాబ్?" అన్నాడు.

"ఏమీ కాలేదు. కొంచెం గ్యాసు. యంత్రానికి గ్యాసుకీ గుండెకీ తేడా తెలియదు."

పెంటయ్య కంటే గట్టి గుండె ఫ్యాక్టరీలో ఎక్కడుంది? మదీనాగూడలో జొన్నరొట్టె తిని, ఎదురుగాలిలో బొంబాయి రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వచ్చి, రోజంతా ఇనుప తాళ్లు మోసే మనిషి. బీడీలు కట్టలకు కట్టలు కాలుస్తాడు, ఒక్కసారి కూడా దగ్గడు.

గంటలో తిరిగొచ్చాడు, నవ్వు ఆపుకోలేక. "చల్లగ ఏందో జిగట రాసి, కాళ్లకు చేతులకు పట్టీలు కట్టిండు. పేరేందంటే కామేశ్వర్‌రావు అన్న. ఊరేదంటే పిఠాపురమన్న. జర మీ లెక్క 'అండీ' అని గూడ అన్న."

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. సగం సిగరెట్టు. (కలపలేదు.)

ఫిబ్రవరి 13, బుధవారం

చీటీ వచ్చింది. "టోకెన్ 417. గుండెకు ఇదివరకే దెబ్బ తగిలినట్లు కనబడుతున్నది. క్రేను ఎక్కరాదు. వెంటనే వచ్చి కలవవలెను." కింద డాక్టర్ భ్రమరాంబ గారి సంతకం.

పట్టాభిరామయ్య గారు చీటీ నా చేతిలో పెట్టి తల దించుకున్నారు. "రోటరుకి లింగమూర్తిని చూస్తాను" అన్నారు. నా ఎదురుగా అన్నారు ఆ మాట.

పెంటయ్యకు చూపించాను. "గా డబ్బా మిషనుకు ఏం తెలుసు? గొడ్డు లెక్కున్న, నాకేమైతది?" అన్నాడు.

నిజమే. యంత్రం తప్పు.

ఫిబ్రవరి 14

యంత్రం తప్పు. పదకొండు.

ఫిబ్రవరి 15

యంత్రమే తప్పు. సిటీ రోడ్ల మీద జీపులో కుదుపులకు ఏ తీగో ఊడి ఉంటుంది. లింగమూర్తి నా క్రేను ఎక్కాడు. ఎక్కే ముందు నా వైపు చూసి నమస్కారం పెట్టాడు. పెట్టకపోయినా బాగుండేది.

పన్నెండు.

ఫిబ్రవరి 18, సోమవారం

నేనే దవాఖానకు పోయాను. భ్రమరాంబ గారిది కాకినాడట, మా వైపే. కొత్తగా వచ్చారు, మొన్న వచ్చినవాడి మొహం ఆవిడ చూడలేదు. యంత్రం ఇప్పుడు ఇక్కడే ఉంచేశారు. ఆవిడే పట్టీలు కట్టి మళ్లీ తీశారు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేమిటండీ, మీ గుండె శుభ్రంగా ఉంది" అన్నారు.

ఆ మాట వినగానే గది వెలిగినట్టయింది. అంటే నాదంతా ఉత్త గ్యాసే. నేను చెబితే విన్నారా ఎవరైనా?

"మరి మొదటిదాంట్లో మచ్చ ఉంది. గుండె కండ కొంత చచ్చిపోయిన గుర్తు అది. అలాంటిది పది పదిహేను రోజుల్లో పోదండీ. పట్టీలు కట్టిన అతను కాగితాలు కలిపేసి ఉంటాడు" అని, నేను సిగరెట్లు కాలుస్తానేమో అడిగారు. రోజుకు నాలుగైదు అన్నాను. ఆవిడ నా చూపుడువేలి మీది పసుపు మరక చూసి నవ్వలేదు.

"గుండెకు రక్తం ఇచ్చే గొట్టాలు సన్నవి. పొగ లోపలికి వెళ్లినప్పుడల్లా బిగుసుకుంటాయి. గోడలు గరుకెక్కి మెల్లగా పూడుకుపోతాయి. ప్రాణవాయువు వెళ్లాల్సిన చోటుకి విషవాయువు వెళుతుంది. అంటే గుండెకి పని ఎక్కువ, తిండి తక్కువ. మీ క్రేను మోటారుకి కరెంటు సగమే ఇచ్చి బరువు రెట్టింపు ఎత్తమంటే ఎన్నాళ్లు ఎత్తుతుంది?"

మోటారు సంగతి నాకు చెప్పడం ఎందుకని మనసులో అనుకున్నాను. క్రేను ఎక్కవచ్చని చీటీ రాసిచ్చారు. రోటరు మళ్లీ నాదే.

పది. అందులో మూడు సంతోషానికి.

ఫిబ్రవరి 27, బుధవారం

దవాఖాన కాంపౌండులో భ్రమరాంబ గారు ఎదురయ్యారు. క్రేను వాళ్లు ఆరుగురినీ పిలిచి మళ్లీ ఫోటోలు తీశారట. ఆ మచ్చ ఒక్కరికీ లేదట. మొదటి కాగితం ఆవిడ బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నారు.

"ఎవరిదో మరి ఈ గుండె. పాపం, ఆ మనిషి ఎక్కడో బరువులు మోస్తూ ఉంటాడు" అన్నారు.

నేను ఎండ ఎక్కువగా ఉందని చెప్పి వచ్చేశాను.

మధ్యాహ్నం పెంటయ్యను మాటల్లో పెట్టి అడిగాను, ఎప్పుడైనా రొమ్ములో నొప్పి వచ్చిందా అని. "పోయిన వానకాలం నాట్లప్పుడు వొచ్చింది. దవడ, రెక్క గుంజి గుంజి పొలంలనే కూలబడ్డ. మూడొద్దులు లేవలే. నీలమ్మ దిష్టి తీయించింది, తగ్గింది" అన్నాడు.

దిష్టే అయి ఉంటుంది. పెంటయ్య ఒడ్డూ పొడవూ చూస్తే ఎవరికైనా దిష్టి పెట్టాలనిపిస్తుంది.

మార్చి 1

రోటరుకి ఇంకా ఏడు వారాలు. అది అయ్యాక చెప్పొచ్చు. ఇన్నాళ్లు ఆగినది ఏడు వారాలు ఆగదా?

మార్చి 6, బుధవారం

రోటరు బరువుకు సరిపడా ఇనుప దిమ్మలు కట్టి ఎత్తి చూశాం. మొదట రివాజు ప్రకారం సగం సగం. నేను పైకెక్కాను. పెంటయ్య కుడిచెయ్యి పైకెత్తాడు. నలభై టన్నులు నేల వదిలి లేచాయి. షెడ్డంతా పని ఆపి చూస్తోంది. నా వేలి చివర ఊగకుండా నడుస్తోంది ఆ బరువు. ఆ గర్వం ఎలా రాయాలో నాకు రాదు.

షెడ్డు మధ్యకు వచ్చాక పెంటయ్య పిడికిలి బిగించాడు. ఆపాను. మామూలుగా రెండు మూడు క్షణాల్లో మళ్లీ సైగ వస్తుంది. రాలేదు. పిడికిలి అలాగే గాలిలో ఉంది. రెండో చెయ్యి రొమ్ము మీదకు పోయింది. పైనుంచి నాకు వాడి నడినెత్తి, ఆ రెండు చేతులు తప్ప ఏమీ కనబడవు. బరువుకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. వాడు ముందుకు పడితే సరిగ్గా దాని కిందకే పడతాడు.

ఎంతసేపో తెలియదు. తర్వాత అరచెయ్యి విచ్చుకుని, దించమని ఊగింది. దించాను. ఇసుమంత చప్పుడు కూడా కాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

నిచ్చెన దిగేసరికి పెంటయ్య పీపాల వెనక కూర్చుని ఉన్నాడు. చొక్కా పిండితే నీళ్లు కారేట్టుంది. "మార్చిలనే గింత ఎండ గొడుతుంది, రావు సాబ్" అన్నాడు. పెదాలు బూడిదరంగులో ఉన్నాయి. చెయ్యి చాపి, "జర సగం ఇయ్యి" అన్నాడు.

ఇచ్చాను. నేనే వెలిగించి ఇచ్చాను.

మార్చి 7

రాయడానికి ఏమీ లేదు.

మార్చి 7, మళ్లీ

ఉంది. అరవైతొమ్మిది తెలంగాణ గొడవల్లో మియాపూర్ దగ్గర బస్సు ఆపి మా ఆంధ్రావాళ్లను దింపుతుంటే పెంటయ్య నా భుజం మీద చెయ్యి వేసి, "ఈయన మావోడు" అన్నాడు. ఒక్క మాట. ఎవరూ మళ్లీ అడగలేదు. ఆ రోజు వాడికి ఇంకేం చెప్పాలో తెలియక సిగరెట్టు ఇచ్చాను.

వాడి గుండె నా నంబరు వేసుకుని బల్ల మీద అద్దం కింద పడి ఉంది. దాని సొంతదారు ఎవరో తెలిసినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. వాడికి కూడా తెలియదు.

నా హుక్కు నుంచి ఏదీ పడలేదని రాసుకున్నాను కదా మొదటి పేజీల్లో. సిగ్గుగా ఉంది.

మార్చి 8, శుక్రవారం

పొద్దున్నే దవాఖానకు పోయి, ఆ అద్దం మీద నా ఇత్తడి బిళ్ల పెట్టాను. "ఈ గుండె మూడో షెడ్డు ఖలాసీ పెంటయ్యది. నా బిళ్ల ఇచ్చి పంపింది నేను" అన్నాను. భ్రమరాంబ గారు లేచి కాంపౌండరును జీపు తెమ్మని కేకేశారు.

నేను కుర్చీలోంచి లేవకుండా, "నాదీ పూర్తిగా చెప్పలేదండీ" అన్నాను. నిచ్చెన, ముప్పయ్యో మెట్టు, ఎడమ చెయ్యి, అన్నీ చెప్పాను. రోజుకు పన్నెండని కూడా చెప్పాను. సగాలతో కలిపితే పదహారు. ఆవిడ నన్ను దవాఖాన మెట్లు గబగబా ఎక్కించి దింపించి వెంటనే ఫోటో తీశారు. ఈసారి కాగితం మీద గీతలు కిందకి జారాయి.

"విశ్రాంతిగా ఉన్నప్పుడు మీ గుండె మంచిదే. పని చెబితే ఏడుస్తోంది. పెంటయ్యకు జరిగింది మీకు ఇంకా జరగలేదు. తేడా అంతే" అన్నారు.

క్రేను ఎక్కవచ్చని ఇచ్చిన చీటీ నేనే జేబులోంచి తీసి తిరిగి ఇచ్చేశాను. ఆవిడ అడగలేదు.

మార్చి 9

పదిహేను రోజులు సస్పెండ్ చేశారు. ఆ తర్వాత కూడా క్రేను లేదు. పెంటయ్యకు కూడా శిక్ష వేస్తామంటే, బిళ్ల నాది, ఆలోచన నాది, వాడు స్నేహానికి పోయాడని రాసిచ్చాను. పట్టాభిరామయ్య గారు చదివి, "ఎంత పని చేశావయ్యా" అన్నారు. తర్వాత మెల్లగా, "రాయడం మాత్రం బాగా రాశావు" అన్నారు.

సుందరి పెసరట్టు వేసింది. అల్లం సమంగానే ఉంది. ఎప్పుడూ సమంగానే వేసి ఉంటుంది.

మూడు.

మార్చి 12

సిటీలో పెద్ద దవాఖానకు పోయాను. పెంటయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుక కింద పెట్టుకునే మాత్రలు ఇచ్చారట. నెలరోజులు కదలొద్దన్నారట, మళ్లీ తాళ్లు మొయ్యొద్దన్నారట.

"నా కూడు మీద కొట్టినవ్, రావు సాబ్. నీకు నీ పెద్ద మాటలు మిగిలినయి. నాకేం మిగిలింది?" అన్నాడు. గోడతోనే అన్నాడు.

నీలమ్మ బయటి వరకు వచ్చింది. "గట్లనే అంటడు గని, నువ్వు మల్ల రా అన్నా. డాక్టరమ్మ ఏమన్నదో ఎరికేనా? ఇంకో నాట్లకు మిగిలెటోడు గాదంట" అంది.

రెండు.

మార్చి 13

ఒకటి. తలనొప్పి. సుందరి నోట్లో లవంగం పెట్టుకోమంది. లవంగం సిగరెట్టు కాదు, సిగరెట్టుకు చుట్టం కూడా కాదు. అయినా పెట్టుకున్నాను.

మార్చి 14

సున్నా.

మార్చి 15

ఒకటి. పెరట్లో. సుందరి చూడలేదు. ఇందులో రాసేశాను కాబట్టి చూసినట్టే.

మార్చి 16

సున్నా.

ఏప్రిల్ 3, బుధవారం

పద్దెనిమిది రోజులుగా సున్నా. లింగమూర్తికి రోటరు పని నేర్పుతున్నాను. నేల మీద నిలబడి చెబుతున్నాను. హుక్కు ఊగితే ఊగినవైపే క్రేనును కాస్త నడపాలి, వెనక్కి లాగకూడదు. పదిహేనేళ్లుగా ఎవరికీ చెప్పని కిటుకు. చెబితే నా గొప్ప తగ్గిపోతుందని దాచుకున్నాను. తగ్గలేదు.

ప్రతి వారం పెంటయ్య దగ్గరకు పోతున్నాను. ఈ వారం ఇటు తిరిగి పడుకున్నాడు. "లింగమూర్తికి సైగలు ఎవడు జేస్తుండు?" అని అడిగాడు. కొత్త ఖలాసీ పేరు చెప్పాను. "వాడు పిడికిలి జల్ది ఇడుస్తడు, చెప్పు" అన్నాడు.

ఏప్రిల్ 22, సోమవారం

రోటరు లేచింది.

పట్టాభిరామయ్య గారు పసుపు గీత అవతల నాకు చోటిచ్చారు. పెంటయ్య కోసం స్టూలు వేయించారు. వాడు వారం కిందట ఇంటికొచ్చాడు. వచ్చే నెల నుంచి పనిముట్ల గదిలో కూర్చుని సామాను ఇచ్చే పని. నీలమ్మ రిక్షాలో తీసుకొచ్చింది. సగమైపోయాడు మనిషి. చొక్కాకు మాత్రం బొత్తాలన్నీ పెట్టుకొచ్చాడు.

నిచ్చెన ఎక్కే ముందు లింగమూర్తి మా దగ్గరకు వచ్చాడు. "అన్నా, మీ రివాజు ఉంది గదా. సగం నేను కాలుస్తా, సగం ఖలాసీకిస్తా. ఒక సిగరెట్ మీ చేతులతోని ఇయ్యండి" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు పెంటయ్యే చెయ్యి అడ్డంపెట్టాడు. "గా రివాజు బందైంది" అన్నాడు. నా జేబులో చెయ్యి పెట్టి లవంగం తీసి, పంటితో రెండు ముక్కలు చేసి, ఒకటి లింగమూర్తికి, ఒకటి కొత్త ఖలాసీకి ఇచ్చాడు. నా జేబులో లవంగాలుంటాయని వాడికెలా తెలుసో నేను అడగలేదు.

నలభై టన్నులు నేల వదిలాయి. షెడ్డంతా ఊపిరి బిగబట్టింది. మధ్యలో ఎందుకో పక్కకు చూశాను. పెంటయ్య కుడిచెయ్యి మోకాలి మీద మెల్లగా లేస్తోంది, పిడికిలి బిగుస్తోంది, విచ్చుకుంటోంది. అప్పుడు తెలిసింది, నా ఎడమ చెయ్యి కూడా గాలిలోకి లేచి, లేని లివరును లాగుతోందని. వెనకనున్న ఢిల్లీవాళ్లు మమ్మల్ని చూసి నవ్వుకున్నారు. నవ్వనీ. రోటరు దాని పీఠం మీద చప్పుడు లేకుండా దిగింది. ఒక్కసారి కూడా ఊగలేదు. నేను ఎత్తినా అంత బాగా ఎత్తేవాణ్ణి కాదేమో. ఈ మాట రాయడానికి నాకేమీ నామోషీగా లేదు. నాకు గర్వంగా ఉంది, చాలా గర్వంగా ఉంది.

రిక్షా ఎక్కించేటప్పుడు పెంటయ్య చొక్కా జేబు తట్టి చూశాను. "తలాషీ జేస్తవా?" అన్నాడు. చేస్తానన్నాను. రోజూ చేస్తానన్నాను. ఖాళీగా ఉంది.

ఈ రోజు నావి సున్నా. పెంటయ్యవి సున్నా. సగాలు కూడా కలిపే రాస్తున్నాను.